కరోనా ఏడాదిలో ఎవరింట పుట్టుకలు తగ్గాయి, ఎవరింట పెరిగాయి: ఊరి రిజిస్టర్లతో లెక్క తేల్చే పద్ధతి

మా తమ్ముడి కూతురు ఎమ్మెస్సీ చదువుతోంది. కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చి ఒక ప్రశ్న వేసింది. "అత్తా, లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలోనే ఉన్నారు కదా. మన వైపు పిల్లలు ఎక్కువ పుట్టి ఉండాలి కదా?" అని. నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా (ఊరి నర్సుగా) చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్లు గర్భిణుల పేర్లు రాసిన దాన్ని. అయినా నోటికొచ్చిన జవాబు చెప్పబుద్ధి కాలేదు. మెడికల్ ఆఫీసర్ గారి అనుమతి తీసుకుని, పండగ సెలవులన్నీ ఇద్దరం ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాం. ఆ పని మీ ఊరికి మీరు చేసుకోవాలంటే ఎలాగో చెబుతాను. కాలేజీ పిల్లలకీ, సచివాలయంలో పనిచేసే ఏఎన్ఎం అమ్మాయిలకీ, ఊరి సంగతి పట్టే ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మహమ్మారి వచ్చినప్పుడు "పుట్టుకలు పెరిగాయా తగ్గాయా" అని ఊరంతటికీ కలిపి అడిగితే సరైన జవాబు రాదు. ఎవరింట అని అడగాలి. ఒక పీహెచ్‌సీలో తొలి కాన్పులు 200 నుంచి 170కి పడిపోయి, మూడో కాన్పు, ఆపైవి 60 నుంచి 88కి పెరిగాయనుకోండి. మొత్తం రెండు మాత్రమే తగ్గుతుంది. పైఅధికారి ఆ అంకె చూసి ఏమీ మారలేదంటారు. అక్కడ ముప్పై జంటలు పెళ్లో బిడ్డో వాయిదా వేసుకున్నాయి. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు అదనంగా ఇంకో కాన్పు మోశారు, వాళ్లలో చాలామందికి అది వద్దనుకున్న కాన్పే. ఈ రెండూ ఒకదానికొకటి కొట్టేసుకునే సంగతులు కావు.

నెలలు వెనక్కి లెక్కపెట్టండి

దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది 2020 మార్చి 25న. ఆ రోజు తర్వాత కడుపున పడ్డ బిడ్డ, నెలలు నిండి పుడితే, డిసెంబరు మధ్యకి గానీ పుట్టదు. అంటే 2020 డిసెంబరు మొదటి వారం దాకా పుట్టిన పిల్లలంతా కరోనా గొడవ మొదలుకాకముందు కడుపున పడ్డవాళ్లే. మేనకోడలు 2020 అంకెలు 2019 పక్కన పెట్టి చూసింది. అందుకే ఏమీ అర్థం కాలేదు. మీరు చూడాల్సింది 2021. అలాగే సెకండ్ వేవ్ 2021 ఏప్రిల్, మే నెలల్లో మనల్ని ముంచింది. దాని ఫలితం 2021 డిసెంబరు చివరి నుంచి 2022 ఫిబ్రవరి దాకా పుట్టిన పిల్లల్లో కనిపిస్తుంది.

గర్భిణుల రిజిస్టర్లో ఎల్ఎంపీ తేదీ అని ఒక గడి ఉంటుంది. ఆఖరి బహిష్టు తేదీ అది. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) మీద రాసేదీ అదే. పుట్టిన తేదీ కంటే ఈ గడినే పట్టుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైనా, అబార్షన్ అయిన గర్భమైనా, ఎల్ఎంపీ ప్రకారం రాస్తే ఏ నెలలో కడుపున పడిందో తెలిసిపోతుంది. అయితే నెల తప్పిన సంగతి ఆలస్యంగా చెప్పిన చోట ఈ తేదీ అంచనాగా రాసి ఉంటుంది. ఒకటో తారీకు, పదిహేనో తారీకు వరసగా కనిపిస్తే అనుమానించండి. రోజు నమ్మకపోయినా, నెల మట్టుకు తీసుకోవచ్చు.

జనన నమోదు తేదీని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించాలి. లాక్‌డౌన్‌లో ఆటో దొరక్క, ఆఫీసు తెరవక, నెలల తరబడి ఆగినవి ఉన్నాయి. నమోదు తేదీ చూస్తే ఒక నెలలో ఎవరూ పుట్టనట్టు, ఇంకో నెలలో వరద వచ్చినట్టు కనిపిస్తుంది. పైగా 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి, దాంతో రాసే చోటూ రాసే చేయీ మారాయి. పుట్టిన తేదీ వేరు, నమోదు తేదీ వేరు. రెండు గళ్లు పక్కపక్కనే ఉంటాయి, కన్ను జారుతుంది.

ఏ ఊరి బిడ్డ?

నేను చేసిన పొరపాటు ఇక్కడే. 2020 ఆగస్టులో మా సబ్‌సెంటర్లలో కాన్పులు ఎక్కువ కనిపించాయి. నెలవారీ మీటింగ్‌లో "లాక్‌డౌన్ వల్ల పెరిగాయి సార్" అనేశాను. తప్పు మాట. ఆ తల్లులంతా హైదరాబాదులో, చెన్నైలో కూలి పనుల్లో ఉండి, పని పోయి, కడుపుతోనే ఇళ్లకి వచ్చినవాళ్లు. మామూలు రోజుల్లో ఆ పిల్లలు అక్కడి ఆస్పత్రుల్లో పుట్టేవారు. పుట్టే చోటు మారింది తప్ప పుట్టుకలు పెరగలేదు.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. రెండో కాన్పుకి కూడా చాలామంది వెళ్తారు. అత్తవారి ఊళ్లో గర్భిణిగా పేరు, పుట్టింటి ఊళ్లో కాన్పుగా పేరు, రెండు చోట్లా రాస్తాం. అందుకని ఒక బిడ్డ రెండుసార్లు లెక్కకొస్తుంది. ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణి పేరు రాసినప్పుడు ఇచ్చే నంబరు) చూసి కలపండి. అది లేని చోట తల్లి వయసు, ఎన్నో కాన్పు, ఎల్ఎంపీ ఈ మూడూ సరిపోతే ఒకే మనిషి అనుకోవచ్చు. బిడ్డని ఎప్పుడూ తల్లి కాపురం ఉండే ఊరికే రాయండి.

కొండ మీద సవర గూడల్లో దీనికి ఎదురు సమస్య. బస్సులు ఆగిన నెలల్లో కొన్ని పురుళ్లు ఇంట్లోనే జరిగాయి, కొన్ని ఏ కాగితమ్మీదకీ ఎక్కలేదు. నమోదు పుస్తకం ఒక్కటే చూస్తే గిరిజనుల్లో పుట్టుకలు పడిపోయినట్టు కనిపిస్తుంది. టీకాల రిజిస్టరు తీయండి. బీసీజీ, పెంటావాలెంట్ వేయించుకున్న పిల్లల పుట్టిన తేదీలు అందులో ఉంటాయి. అంగన్‌వాడీ టీచరు దగ్గర బాలామృతం తీసుకునే పిల్లల జాబితా ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే తప్పిపోయిన పిల్లలు దొరుకుతారు. ఈ పని విసుగ్గానే ఉంటుంది. కానీ లెక్కలోకి రాని పిల్లలు ఎప్పుడూ ఒకే ఇళ్లవాళ్లు. వాళ్లని వదిలేసి మిగతా వాళ్ల మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఆ లెక్క అబద్ధమే.

గుంపులుగా విడదీయడం

కులం గడి రిజిస్టర్లో ఉంటుంది కదా అని దాన్నొక్కదాన్నే పట్టుకుని విడదీస్తే సగం సంగతి దాగిపోతుంది. ఆ ఇంటి సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో, మగమనిషి ఏడాదిలో ఎన్ని నెలలు ఇంట్లో ఉంటాడో, ఇది ఎన్నో కాన్పో, ఈ మూడూ రాసుకోండి. మొదటి రెండూ రిజిస్టర్లో దొరకవు. ఆశా కార్యకర్తని కూర్చోబెట్టుకుంటే ఇల్లు చెప్పగానే చెబుతుంది.

గార, సంతబొమ్మాళి మండలాల్లో మత్స్యకారుల ఊళ్లు తీసుకోండి. మగవాళ్లు ఆగస్టు ప్రాంతంలో గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, అక్కడ బోట్ల మీద పనిచేసి, వేసవిలో వస్తారు. కాబట్టి ఆ ఊళ్లలో కాన్పులు ఏడాది పొడవునా సమంగా ఉండవు. మనుషులు ఇంట్లో ఉన్న నెలలకి తొమ్మిది నెలలు కలిపి చూస్తే కాన్పులు గుమిగూడి ఉంటాయి. 2020లో లాక్‌డౌన్ పడగానే వేల మంది వేరావల్‌లో చిక్కుకున్నారు. ఏప్రిల్ చివర్లో బస్సుల్లో బయల్దేరి వచ్చారు, క్వారంటైన్‌లో గడిపారు, ఆ తర్వాతే ఇంటి గడప తొక్కారు. అంటే వాళ్లు ఇంటికి చేరింది ఇంచుమించు ఎప్పటి కాలానికే. "మగవాళ్లు వచ్చేశారు కాబట్టి పుట్టుకలు పెరిగాయి" అని ఇక్కడ ఊహించకూడదు. తిరిగి వెళ్లడం ఆలస్యమైందా, ఆ ఏడాది అసలు వెళ్లలేదా, అది ఊరు ఊరుకీ అడగాలి.

హైదరాబాదు, చెన్నై వలస కుటుంబాలు వేరే గుంపు. మగాడొక్కడే వెళ్లే ఇల్లు, ఆలుమగలు కలిసి వెళ్లే ఇల్లు, ఈ రెండింటినీ వేర్వేరుగా రాయండి. మొదటి దాంట్లో లాక్‌డౌన్ వల్ల మొగుడూ పెళ్లాం ఒక చోటికి వచ్చారు. రెండో దాంట్లో ఎప్పుడూ కలిసే ఉన్నారు, పోయింది కూలి డబ్బు. ఒకే కరోనా ఈ రెండిళ్లలో ఎదురెదురు పనులు చేస్తుంది.

పైడిభీమవరం కంపెనీల్లో పనిచేసేవాళ్లు, పలాస జీడిపప్పు బట్టీల్లో రోజుకూలికి వెళ్లే ఆడవాళ్లు, శ్రీకాకుళం టౌన్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ల్యాప్‌టాప్ పట్టుకుని బెంగళూరు నుంచి రాజాంలో అమ్మానాన్నల ఇంటికొచ్చేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, వీళ్లందరికీ తలో వరస. జీతం ఆగని ఇంటికీ, బట్టీ మూసేస్తే పొయ్యి వెలగని ఇంటికీ బిడ్డ గురించి ఆలోచన ఒకలా ఉండదు. అమెరికాలో 2020లో పుట్టుకలు 4 శాతం తగ్గి 36 లక్షలకి వచ్చాయి. 2021లో ఒక శాతం పెరిగాయి, ఆ పెరుగుదల ఎక్కువగా చదువుకున్న, ముప్పై దాటిన ఆడవాళ్లలో కనిపించింది. ఇటలీ, స్పెయిన్‌లలో మొదటి వేవ్ తర్వాత తొమ్మిది నెలలకి పుట్టుకలు బాగా పడిపోయాయి. నార్వే, ఫిన్లాండ్‌లలో 2021లో పెరిగాయి. అక్కడ ఉద్యోగం పోయినా ప్రభుత్వం ఆదుకుంటుందన్న ధైర్యం ఉంది. మన సాఫ్ట్‌వేర్ కోడళ్ల లెక్కా బట్టీ కూలీల లెక్కా పక్కపక్కన పెట్టినప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

తొలి కాన్పు, మూడో కాన్పు

ఈ ఒక్క విభజన చేసినా సగం పని అయినట్టే. మన దగ్గర తొలి కాన్పు పెళ్లి తేదీని అంటిపెట్టుకుని ఉంటుంది. 2020లో వేసవి పెళ్లిళ్లు ఆగిపోయాయి. కొన్ని ఇరవై మందితో ఇంటి ముంగిట్లో అయ్యాయి, చాలావాటిని మంచి ముహూర్తానికని వాయిదా వేసుకున్నారు. ఆ జంటల తొలిచూలు ఆ మేరకు వెనక్కి వెళ్లింది. కాబట్టి తొలి కాన్పుల లెక్క దగ్గర పంచాంగం కూడా పెట్టుకోండి. మూఢం ఏ నెలల్లో పడింది, ఆషాఢం ఎప్పుడొచ్చింది చూడండి. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింటికి వెళ్తుంది గనక ఆ నెల ప్రభావం చైత్రంలో కనిపిస్తుంది, కరోనా ఉన్నా లేకపోయినా. అందుకే 2021 ఏప్రిల్‌ని 2021 మార్చితో పోల్చకూడదు. గత ఏళ్ల ఏప్రిల్‌తోనే పోల్చాలి.

మూడో కాన్పు సంగతి నాకు బాధగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ మీదే ఆధారపడి ఉన్నారు. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్, అంతే. మాత్రలు వాడటం మన పల్లెల్లో అలవాటు లేదు, నిరోధ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆపరేషన్లు, కాపర్-టీ వేయడం తాత్కాలికంగా ఆపమంది. ఆస్పత్రుల్లో ఉన్న పరిస్థితికి అది తప్పలేదేమో. కానీ ఏప్రిల్‌లో క్యాంపుకి పేరు రాయించుకున్న ఆమె ఏం చెయ్యాలి?

నా దగ్గర ఒక పేజీ ఉంది. 2020 మార్చి రెండో వారంలో ఒకామెకి ఇద్దరు పిల్లలు, చిన్నదానికి పది నెలలు. ఆపరేషన్ జాబితాలో పేరు నా చేత్తోనే రాశాను. పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంచాను, క్యాంపు అయ్యాక పెన్నుతో దిద్దుదామని. మళ్లీ ఆమె పేరు కనిపించింది గర్భిణుల రిజిస్టర్లో, అక్టోబరులో. ఎల్ఎంపీ జూలై. అప్పుడు ఇంటికి వెళితే ఆమె నన్నేమీ అనలేదు. "ఏటి సేస్తాం నర్సమ్మా, మీరు మాత్రం ఏటి సేస్తారు" అంది. పెన్సిల్ టిక్కు ఇప్పటికీ అలాగే ఉంది. మేనకోడలు ఆ రెండు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాలాసేపు చూసింది.

మీరూ ఆ పనే చేయండి. 2020 జనవరి నుంచి మార్చి దాకా ఆపరేషన్‌కి పేరిచ్చిన వాళ్ల జాబితా తీసి, వాళ్ల పేర్లు తర్వాతి పద్దెనిమిది నెలల గర్భిణుల రిజిస్టర్లో వెతకండి. ఏ గుంపు ఇళ్లలో ఎక్కువమంది తేలారో చూడండి. డబ్బున్నవాళ్లు ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లి చేయించుకోగలిగారు. ఒక్క ప్రభుత్వ క్యాంపే దిక్కైనవాళ్లు ఆగిపోయారు. పుట్టుకల రేటు మీద మహమ్మారి ప్రభావం గుంపు గుంపుకీ ఎందుకు మారుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు.

దేనితో పోల్చాలి, ఎంత తేడా ఉంటే తేడా

ఒక్క 2019తో పోల్చకండి, ముఖ్యంగా ఉద్దానం వాళ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై ఇళ్లు కూలిన ఊళ్లలో, తొమ్మిది నెలలు కలిపితే, 2019 జూలై నుంచి జరిగిన కాన్పులు మామూలు ఏడాదివి అనుకోవడానికి లేదు. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్ల సగటు తీసుకోండి. ఆ నాలుగేళ్లలోనే ఏటా కాస్త కాస్త తగ్గుతూ వస్తోందేమో కూడా చూడాలి. మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7కి చేరింది, కరోనా రాకముందే. ఈ అంకె ఇచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఆంధ్రలో 2019లో జరిగింది. నివేదిక మీద 2019-21 అని ఉంటుంది గనక కొందరు దాన్ని కరోనా ప్రభావం కింద చూపిస్తారు. మన జిల్లాలకి అది చెల్లదు.

జిల్లా మొత్తాలు తీసుకునేవాళ్లకి ఇంకో గుంట ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. 2019 శ్రీకాకుళాన్నీ 2022 శ్రీకాకుళాన్నీ పోలిస్తే సగం లెక్క సరిహద్దులదే అవుతుంది. మండలాల వారీగా దించుకుని మీరే కలుపుకోండి.

ఇక తేడా ఎంతుంటే నమ్మాలి? కరోనా ముందు మన రాష్ట్రంలో వెయ్యి మంది జనాభాకి ఏడాదికి సుమారు 16 మంది పుట్టేవారు. మూడు వేల జనాభా ఊరికి 48 మంది. ఇలాంటి లెక్కల్లో ఊరికే వచ్చే ఎగుడుదిగుడు ఇంచుమించు ఆ అంకె వర్గమూలమంత ఉంటుంది. 48కి వర్గమూలం దాదాపు 7. అంటే ఏ కారణం లేకుండానే ఒక ఏడాది 41, ఇంకో ఏడాది 55 రావచ్చు. అందుకే ఒక్క ఊరి అంకె పట్టుకుని పరుగెత్తవద్దు. ముప్పై వేల జనాభా ఉన్న పీహెచ్‌సీ అయితే 480 మంది, వర్గమూలం 22. అక్కడ 60 తగ్గితే ఆలోచించాల్సిందే. గుంపులుగా విడదీశాక అంకెలు మళ్లీ చిన్నవైపోతాయి కాబట్టి రెండు మూడు పీహెచ్‌సీలు కలపండి.

భాగించేది మొత్తం జనాభాతో కాదు. ప్రతి గుంపులో అర్హులైన దంపతులు ఎందరో ఈసీ రిజిస్టర్లో ఉంటుంది. వంద జంటలకి ఎన్ని కాన్పులని తీయండి. వలస నుంచి తిరిగొచ్చిన జంటలని కింది అంకెలోనూ కలపాలి. పై అంకెలో మాత్రమే కలిపితే లేని పెరుగుదల కనిపిస్తుంది.

నూరేళ్ల కిందటి విషజ్వరంతో (స్పానిష్ ఫ్లూతో) పోలిక పెట్టేవాళ్లకి ఒక సంగతి. 1918లో ఆ జ్వరం ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్లవాళ్లని, గర్భిణులని తీసుకుపోయింది. 1919లో పుట్టుకలు పడిపోయాయి, 1921 జనగణనలో దేశ జనాభా 1911 కంటే తగ్గింది. కనాల్సినవాళ్లే పోయారు. కరోనా ఎక్కువగా తీసుకుపోయింది పెద్దవాళ్లని. ఈసారి పుట్టుకలని మార్చినవి చావులకంటే ఆగిన కూలి, ఆగిన పెళ్లి, ఆగిన ఆపరేషన్. సెకండ్ వేవ్‌లో మేం పోగొట్టుకున్న గర్భిణులని నేను మర్చిపోలేదు. వాళ్ల వరసలు లెక్కలోంచి తీసేయవద్దు. కాన్పు గడి ఖాళీగా ఉన్న ప్రతి పేరుకీ కారణం రాయండి.

ఇళ్లకి వెళ్లినప్పుడు

కారణాలు తెలుసుకోవాలంటే కొందరినైనా అడగాలి. అత్తగారి ముందు అడగవద్దు. "ఎందుకు కన్నావు" అని ఎవరినీ అడగవద్దు. "అప్పుడు మీకు మాత్రలు దొరికాయా, ఎవరైనా ఇంటికి తెచ్చిచ్చారా" అని అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు. పోయిన గర్భం గురించి తనంత తాను చెబితే వినండి, కాగితం మూసేసి వినండి. నోట్‌బుక్‌లో పేర్లు వద్దు, వరస నంబర్లు చాలు. రిజిస్టరు పేజీ ఫోన్లో ఫోటో తీయడం అసలే వద్దు.

అన్నీ అయ్యాక మీ చేతిలో ఒక చిన్న జాబితా మిగులుతుంది. ఆపరేషన్‌కి పేరిచ్చి, అది ఆగిపోయి, మళ్లీ కాన్పైన వాళ్లది. ఆ జాబితాని నంబర్లతోనే ఊరి ఏఎన్ఎంకి ఇచ్చి, వీళ్లకి తర్వాతైనా ఆపరేషన్ అయిందా అని అడగండి. మేం అడిగినప్పుడు కొన్ని గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆ అమ్మాయి అప్పటికప్పుడు ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి, వచ్చే క్యాంపు తేదీ కనుక్కుని, ఖాళీ గడి పక్కన ఈసారి పెన్నుతోనే రాసింది.